తెర చెప్పింది, నేను నమ్మాను

ఆదోనిలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. కాలేజీలోని పది పాత కంప్యూటర్లను ఎమ్మిగనూరు మగ్గాల వీధి పిల్లలకు ఇవ్వాలనుకున్నారు. కానీ వాటిలో కొత్త విండోస్ ఎక్కలేదు. ‘ఈ ప్రాసెసర్‌కు అవసరమైన భద్రతా సదుపాయం లేదు’ అని తెరపై కనిపించింది.

“రెండు దినాలు టైమియ్యండప్పా, సూస్తాను,” అని కాలేజీ సభలో ల్యాబ్ సహాయకుడు వీరేశన్న బతిమాలాడు. చర్చా పోటీల్లో బహుమతులు పొందిన నేను లేచాను. “సాక్ష్యం ఎదుటే ఉండగా గడువెందుకు? పనికిరానివి అంటగట్టడం ఆ పిల్లలకు అవమానం,” అన్నాను. సభ చప్పట్లు కొట్టింది. మరునాడే కంప్యూటర్లు పాత ఇనుము అంగడికి వెళ్లాయి.

వీరేశన్న అడిగి ఉంచుకున్న ఒక్కదానిలో, విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థను వేసి, నన్ను పిలిచి చూపించాడు. తెర లేదన్న ఆ సదుపాయం ప్రాసెసర్‌లో మొదటినుంచీ ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్ దాన్ని ఆపేసింది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఆ ఆటంకాన్ని తొలగించి, దాన్ని మళ్లీ పనిచేయించింది.

నేత ఇంట పుట్టిన వీరేశన్న మెల్లగా అన్నాడు: “మగ్గంలో పోగు లేవకుంటే, పోగే లేదంటామాప్పా? యాడ సిక్కుకుందో సూస్తాము.”

అంగడికి పరుగెత్తాను. తొమ్మిదింటినీ అప్పటికే సుత్తితో పగలగొట్టేశారు.

ఆనాటి నా వాదనలో తర్కదోషం ఒక్కటీ లేదు. అందరినీ ప్రశ్నించే నేను, ఆ తెరను మాత్రం ప్రశ్నించలేదు.