మేస్త్రి మావ దింపిన పెంకులు

మా వీధి పెంకుల మేస్త్రి మావ మొన్న గురువారం పొద్దున పోయాడు. గుండెపోటు అని డాక్టరు రాశాడు. ఆ కాగితం మీద కూడా నాకు కోపమే వచ్చింది. సొంత ఇల్లు కూలి, ఐదు నెలలుగా అద్దె రేకుల షెడ్డులో ఉడికిపోయిన మనిషికి గుండె ఒక్కటే ఆగిందా?

వరసకు మావ కాదు, పక్కిల్లు కాబట్టి మావ. శ్రీకాకుళం చుట్టుపక్కల ఆయన చేయి పడని పెంకుటిల్లు తక్కువ. కప్పెక్కే ముందు చెప్పులు విప్పి నిచ్చెన కింద జతగా పెట్టేవాడు. ఓసారి నన్నూ ఎక్కించి, "పెంకు మీద కాదురా అల్లుడా, వాసం మీద కాలెయ్. పెంకు వాన ఆపడానికి, నిన్ను మొయ్యడానికి కాదు" అని తిట్టాడు. తిట్టాడే గానీ నేను దిగేదాకా నిచ్చెన వదల్లేదు.

తుపాను కబురొస్తే వీధంతా ఆయన కోసం చూసేది. గాలి కొట్టే వైపు పెంకులు దింపి, వాసాల మీద టార్పాలిన్ పట్టా బిగించేవాడు. ముందు అందరి ఇళ్లూ, ఆఖర్న తనది. "ఎగిరిన పెంకు ఎవుడి బుర్ర మీద పడతాదో ఎవుడికి తెలుసు? మనమే దింపేస్తే సరి" అనేవాడు.

అత్త మోకాలి ఆపరేషనుకు ఆ ఇల్లు తాకట్టు పెట్టాడు. ఇంటికి బీమా చేయిస్తేనే అప్పు అన్నారు ఆఫీసువాళ్లు. ఎక్కడ చేయించాలో కూడా వాళ్లే చెప్పారు. కాగితాలు నా దగ్గరికి తెచ్చి, "సదివినావేట్రా? సంతకం ఎట్టీమంటావా?" అని అడిగాడు. "పెట్టెయ్ మావా, ఇంటికేమైనా అయితే వాళ్లే ఇస్తారు" అన్నాను. నేను సగమే చదివాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, దాచడానికి ఇంకా సిగ్గు.

ఐదు నెలల కిందటి తుపానులో పట్టా చిరిగి ఎగిరిపోయింది. మట్టిగోడలు నాని ఇల్లు కూలింది. బీమా సర్వేయరు వచ్చి, పెరట్లో చెక్కుచెదరకుండా పేర్చిన పెంకులు చూసి, ఎవరు తీశారని అడిగాడు. "నానే దింపినాను బాబూ. లేపోతే ఈదిలో జనాల మీద పడవా?" అన్నాడు మావ, మెచ్చుకుంటాడనుకుని. ఆ మాటే రాసుకుని సంతకం తీసుకున్నాడు. కప్పు యజమానే తీశాడు కాబట్టి ఇది తుపాను నష్టం కాదట, పైసా రాదట! ఆస్తి విషయంలో జాగ్రత్త తీసుకోవాలని ఆ బీమా కాగితంలోనే ఉంది. తీసుకున్నవాడికి ఇదా ఫలితం? బీమా కంపెనీకి మూడుసార్లు రాసి పంపాను. మూడుసార్లూ అదే జవాబు.

మూడో జవాబు మావకి చదివి వినిపించాను. "నువ్వేటి సేస్తావులే, తాగు" అని టీ గ్లాసు చేతికిచ్చాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

పదోరోజైనా కాకముందే, నిన్న అప్పు ఆఫీసు నుంచి కొత్త కుర్రాడెవరో వచ్చాడు. ఇంటి బీమా గడువు అయిపోతోందట. కట్టకపోతే వాళ్లే కట్టి అప్పులో కలిపేస్తారట. దానికి ఇంటి ఫొటో కావాలి, ముందు మనిషి నిలబడాలి అని అత్తని షెడ్డు నుంచి కూలిన ఇంటి జాగాలోకి తీసుకొచ్చాడు.

"ఇల్లేది బాబూ?" అంది అత్త.

"ఫొటో లేకపోతే ఫారం ముందుకెళ్లదమ్మా. కొంచెం వెనక్కి జరగండి" అన్నాడు ఫోన్లోంచి కళ్లెత్తకుండా.

అత్త ఆపరేషను కాలు ఈడ్చుకుంటూ వెనక్కి జరిగింది. గుమ్మం ఉన్న చోటు దాటింది, పొయ్యి ఉన్న చోటు దాటింది. అతను "ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు. పక్కనున్న మా ఇంటి గోడ వీపుకు తగిలాక ఆగి, ఫొటో కోసం చెంగు తల మీదికి లాక్కుంది.