రంగు కనిపించని టైట్రేషన్

ఫార్మసీ కాలేజీలో మాకు అనలిటికల్ కెమిస్ట్రీ చెప్పిన మేడమ్‌గారు పోయారు. పోయిన వారం ధవళేశ్వరం నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. ఆ రోజంతా నాకు ఏ పనీ సాగలేదు.

తొంభైల చివర్లో రాజమండ్రిలో చదువుకున్నాం. వానాకాలం వస్తే మేడమ్ మా గొడుగులు వరండాలోనే పెట్టించి, చేతులు పొడిగా తుడుచుకున్నాకే బ్యూరెట్ అనే కొలత గొట్టాన్ని ముట్టనిచ్చేవారు. కొన్ని మందులు బలహీనమైన క్షారాలు. నీళ్లలో వాటిని సరిగ్గా కొలవలేం. అందుకే ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా కలుపుతూ టైట్రేషన్ చేసి కొలుస్తాం. చుక్క నీరు కలిసినా లెక్క తప్పుతుంది.

"మందులో లోపం లేదు నాన్నా, నీళ్లలో దాని బలం బయటపడదంతే," అనేవారు.

ఆ టైట్రేషన్‌లో ద్రావణం ఊదా రంగులోంచి నీలంలోకి మారగానే ఆపాలి. నాకు ఆ రెండూ ఒకేలా కనిపించేవి. పక్కవాణ్ణి గుసగుసగా అడిగి ఆపేవాణ్ణి. అది మేడమ్ కంటపడింది. క్లాసయ్యాక పిలిచి అడిగితే ఉన్నది చెప్పేశాను. చదువు మానేసి, భీమవరం దగ్గర మా నాన్నగారి రొయ్యల చెరువులు చూసుకుంటానన్నాను.

 ఆవిడ బీరువాలోంచి, వోల్టేజీ కొలిచే పాత పొటెన్షియోమీటర్ తీసి, దుమ్ము తన కొంగుతోనే తుడిచారు. చుక్కచుక్కకీ రీడింగ్ రాసుకోవాలని, అది ఒక్కసారిగా ఎగబాకిన చోటే మనం ఆపాల్సిన చోటని చూపించారు. నెలరోజులు సాయంత్రాలు నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

పరీక్షకొచ్చిన ఎగ్జామినర్ ఆ మీటరుతో చెయ్యడానికి ఒప్పుకోలేదు. రంగు తెలియనివాడు రేపు ల్యాబ్‌లో ఏం చేస్తాడని అడిగారు.

"ముందు చెయ్యనివ్వండి సార్. తప్పొస్తే మార్కులు మీ ఇష్టమండి," అన్నారు మేడమ్. 

చేశాను. ఆయన నా గ్రాఫ్ అటూ ఇటూ తిప్పి చూసి సంతకం పెట్టారు. ఇవాళ మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నాను.

ఆవిడ రిటైరయ్యాక ఓసారి చూడ్డానికి వెళితే, సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ మీదికి నడకకి తీసుకెళ్లారు. పొద్దు వాలుతోంది.

"గోదారి నీకెలా కనిపిస్తుంది నాన్నా?" అని అడిగారు.

నా కళ్ల సంగతి తెలిసినవాళ్లంతా చొక్కా చూపించి ఇదేం రంగని పరీక్ష పెట్టినవాళ్లే. ఆవిడ మాత్రం తెలుసుకుందామని అడిగారు. నాకు కనిపించిందంతా చెప్పాను. మేడమ్ రెయిలింగ్ మీద చేతులాన్చి, నేను చెప్పిన గోదారిని వెతుకుతున్నట్టు చాలాసేపు నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు.