చెవుల్లో దూది

నెల దాటిన బాలింతనైన నన్ను డెమో ఇవ్వడానికి పంపుతూ అమ్మ ఒకటే షరతు పెట్టింది: చెవుల్లో దూది, తలకు ఉన్ని స్కార్ఫ్. అదీ మే నెలలో! చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ ఎంత దూరమని? ఆ కాస్త దారిలోనే చెవుల్లోకి గాలి పోయి జీవితాంతం తలనొప్పి పట్టుకుంటుందని ఆమె భయం. "దూది తీసినవంటే గడప దాటనియ్య" అంది. వాదనలో నేను ఎవరికీ తగ్గను. కానీ నా పిల్లను ఒళ్లో పెట్టుకుని మాట్లాడే మనిషితో ఏం గెలుస్తాను?

అవి తెలంగాణ బంద్‌ల రోజులు. బంద్ పడ్డప్పుడల్లా కోచింగ్ సెంటర్లలో మాక్ టెస్టులు ఆగిపోయేవి. హాస్టల్లోనో, వీధి చివరి నెట్ సెంటర్లోనో కూర్చుని రాసుకునేలా నేను ఆన్‌లైన్ టెస్టు తయారుచేశాను. అశోక్‌నగర్‌లోని ఈ కోచింగ్ సెంటర్ కూడా వద్దంటే నా చిన్న కంపెనీ మూసి మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సిందే.

డైరెక్టర్‌గారు డెమో అంతా చూసి, మేనేజర్ వైపు తిరిగారు. గొంతు కూడా తగ్గించలేదు. నా చెవుల్లో దూది చూసి వచ్చిన ధైర్యం.

"సాఫ్ట్‌వేర్ మంచిగనే ఉన్నది. కానీ బాలింతను ఎట్ల నమ్ముతం? పిల్లకు జరమొస్తే మన టెస్ట్ ఆగుతది. మొగోడెవడన్న ఉంటే చూడు."

"నిజమే సార్, పరేషాన్ అయితం."

"సార్," అన్నాను. "దూది గాలికి పెట్టుకున్న. మాటలకు కాదు."

మేనేజర్ చాయ్ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"పోయిన నెల మీ టెస్టులు ఆగినయి కదా. ఏ పిల్లకు జరమొచ్చింది?"

"అది బంద్ కదా మేడం..." అన్నాడు మేనేజర్.

"బంద్‌కు మాఫీ, బాలింతకు లేదా? పిల్లకు జరమొస్తే ఇంట్లకెంచి నడిపిస్త. టెస్టుకు నేను పాలియ్యక్కర్లే."

డైరెక్టర్‌గారు క్యాలెండర్ తన వైపు లాక్కున్నారు. "సరే, ఒక్క టెస్ట్ పెట్టి చూద్దాం."

"ఒక్కదానికైతే వద్దు సార్. బ్యాచ్ మొత్తం ఇస్తేనే. ఒక్క టెస్టు కోసం ఈ ఎండల ఉన్ని కట్టుకొని రాలే."

లేచి లాప్‌టాప్ మూశాను. స్కార్ఫ్ కింద చెమట కారుతోంది. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి వినిపించింది. "కూసోండి మేడం. బ్యాచ్ మొత్తమే."

మొదటి టెస్టు రోజే బంద్. నారాయణగూడ చౌరస్తా ఖాళీగా పడి ఉంది, విద్యార్థులు మాత్రం హాస్టల్ గదుల్లో కూర్చుని రాస్తున్నారు. పాపకు పాలిస్తూ తెర చూస్తుంటే డైరెక్టర్‌గారి ఫోన్.

"పాప మంచిగున్నదా మేడం?"

"పాపను మా అమ్మ అడుగుతది. మీరు టెస్ట్ సంగతి అడగండి సార్."