మామిడి చెట్టు మీద కొల్లేటి వల

మా మేనత్త కొడవలి తెచ్చి వల కోసేసింది. మామిడి చెట్టు మీద ముందురోజే కప్పిన కొత్త వల అది. అందులో రెక్కలు చుట్టుకుపోయిన పెద్ద గబ్బిలం ఒకటి కిందికి జారిపడి, నేల మీద నుంచి ఎగరలేక, డేకుతూ చెట్టు మొదలు అందుకుని పైకి పాకింది. కాస్త ఎత్తు ఎక్కాక రెక్కలు విప్పి తూర్పుగా వెళ్ళిపోయింది. వల మడతలో దాని పిల్ల మిగిలిపోయింది. పిడికిలంత ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

వల అల్లినాయన పక్కనే నిలబడి ఉన్నాడు. "వల కొయ్యకూడదండి, విప్పుకోవాలండి," అన్నాడు నెమ్మదిగా. అత్త వినిపించుకోలేదు.

పందొమ్మిదివందల యాభైల నడుమ ఒక వేసవి అది. నేను ఏలూరులో ఉంటూ ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. సెలవు దొరికితే రైల్లో భీమడోలులో దిగి, అక్కణ్ణుంచి ఏదో ఒక బండి పట్టుకుని కొల్లేటి వైపున్న అత్త ఊరు వెళ్ళేవాణ్ణి. మామయ్య పోయాక ఆవిడకు మిగిలింది ఇల్లూ, పెరట్లో నాలుగు రసం మామిడి చెట్లూ. ఆ కాపుతోనే ఏడాది గడవాలి.

అంతకుముందు ఏడు కాయ పండబోతుండగా గబ్బిలాలు పడ్డాయి. తాడేపల్లిగూడెం అవతల కాలువ గట్టున ఎత్తయిన మద్దిచెట్లకు అవి పగలంతా వేలాడుతుంటే, వార్తల పని మీద అటు వెళ్ళినప్పుడు రైలు కిటికీలోంచి చూసేవాణ్ణి. దూరానికి తోలుసంచులు ఆరవేసినట్టుండేవి. నిద్ర నీళ్ళ పక్కన, తిండి పండు ఎక్కడుంటే అక్కడ. ఇప్ప పూసే రోజుల్లో గుంపులో సగం ఎగువ అడవులకు పోతుందనీ, మామిడి తిరిగేసరికి మళ్ళీ డెల్టాలోకి దిగుతుందనీ అక్కడివాళ్ళు చెప్పేవారు. ఈ గబ్బిలాల బెడద గురించి నేనే ఒక చిన్న వార్త రాశాను. అది చదివించుకున్నాకే అత్త వల సంగతి ఆలోచించింది.

వల వేసినాయన కొల్లేటి లంకలో ఉండి చేపలు పట్టేవాడు. చివకకుండా తుమ్మచెక్క రసంలో ముంచిన నూలుతో నెలరోజులు కూర్చుని అల్లాడు. చెట్ల మీద అలవాటు ప్రకారం మడతలు మడతలుగా, వదులుగా వదిలేశాడు.

"కప్పమంటే ఇదేమిటయ్యా, కొల్లేట్లో వేసినట్టు వేశావు?" అంది అత్త, పిల్లను చీర కొంగులోకి తీసుకుంటూ.

"వలన్నాక వదులుండాలండి, పిన్నిగారూ. బిగించేస్తే ఏం పడద్దండి?"

"పడాలని ఎవరడిగారు నిన్ను? రాకుండా చూడమన్నాను."

ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "అదీ నిజమేనండి. ఊహ తెలిసిన కాణ్ణుంచీ పట్టడమే గాని, రాకుండా చెయ్యడం ఎరగనండి."

నాకు నవ్వొచ్చింది. అత్తకు రాలేదు. ఆ పిల్ల ఆవిడ వేలికి గోళ్ళు తగిలించి పట్టుకుని ఉంది.

"దీని అమ్మ మళ్ళీ వస్తుందంటావా?" అని నన్నడిగింది.

"ఏమో అత్తా. ఇన్నాళ్ళూ పొమ్మన్నది నువ్వే కదా."

"పొమ్మన్నాను గాని, పిల్లను వదిలేసి పొమ్మన్నానా? పెరటి మూలనున్న ఆ బాదం చెట్టు మీ మామయ్య నాటిందనుకుంటున్నావేమో. కాదురా. వీటి నోట్లోంచి జారిన కాయే మొలిచింది." రోజూ పొద్దున్నే ఆ చెట్టు కింద గబ్బిలాలు గుజ్జు గీరేసి వదిలిన బాదంకాయలు ఏరి, పగలగొట్టి, వచ్చినవాళ్ళకు పప్పు పెట్టడం ఆవిడకు అలవాటు.

తల్లి దిగాలంటే చెట్టు మీద వల ఉండకూడదు. ఆ చెట్టు వల తీసేయమంది.

"పండబోయే కాయండి. దాని మీద ఆశ వదులుకోవడమేనండి," అన్నాడాయన.

"మూడు చెట్లున్నాయిగా. వాటికి మంచానికి నులక బిగించినట్టు బిగించు."

ఆయన వెదురు గడలు పాతి, మధ్యాహ్నమంతా పనిచేసి, మూడు వలలూ డోలులా బిగించాడు. కూలి తీసుకోలేదు. సాయంత్రం గబ్బిలాలు వచ్చాయి. బిగువు వల మీద ఒకసారి వాలి చూసి, లేచిపోయాయి. వల లేని చెట్టు మీదికే అన్నీ చేరాయి. అత్త మేకపాలు ఒత్తితో పిల్ల నోట్లో పిండి, పాతచీర ముక్కను కింది కొమ్మకు కట్టి దానికి వేలాడదీసింది. అది సన్నగా అరిచింది. మేము అరుగు మీద కూర్చున్నాం. పిల్ల దగ్గరికి ఏదీ దిగలేదు. తెల్లవారి చూస్తే అక్కడే ఉంది, కొంచెం నీరసంగా.

రెండో సాయంత్రం ఇంకా మసక వెలుతురు ఉండగానే ఒక గబ్బిలం ఆ కొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది. పిల్ల అరిచింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. అంతలో చీకటి పడిపోయి ఇంకేమీ కనపడలేదు.

ఉదయం కొమ్మ మీద గుడ్డ ఉంది, పిల్ల లేదు. చెట్టు కింద కూడా వెతికాం.

"తల్లే కదరా?" అంది అత్త.

"తల్లే అయి ఉంటుంది," అన్నాను.

గుడ్డ మీద రక్తం లేదు. అయితే ఆ ఊళ్ళో గుడ్లగూబలు ఉన్నాయి, మానుపిల్లులూ ఉన్నాయి. కొన్నాళ్ళకు అటవీశాఖలో పనిచేసే పరిచయస్థుణ్ణి అడిగాను. తల్లి గబ్బిలం పిల్లను గొంతు బట్టి, వాసన బట్టి గుర్తుపడుతుందన్నాడు. వేరే చెట్టు మీద మిగిలిపోయిన పిల్ల కోసం అంత దూరం నుంచి వెనక్కి వస్తుందా అంటే, వచ్చిందని చూసి చెప్పినవాళ్ళెవరూ తనకు తెలియదన్నాడు.