కుప్పం యూనిట్ ఇన్‌ఛార్జి

అక్క పోయిందన్న కబురు పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీ మదనపల్లె యూనిట్‌లో గమ్ము పూసే ఆమె ఫోన్ చేసింది. "అక్క లేదమ్మా. పనికి బయల్దేరతా, చెప్పులేసుకుంటా ఉండంగానే కూలబడిపోయిందంట" అని ఏడ్చింది. నేను కుప్పం యూనిట్‌లో, ఇన్‌ఛార్జి గదిలో, ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చుని విన్నాను. ఆ కుర్చీ సంగతి చెప్పక తప్పదు, చెబుతాను.

మీ ఇంటికి వచ్చిన అట్టపెట్టెను మీరు కోసి, లోపలిది తీసుకుని, పెట్టెను పారేస్తారు. తప్పేం లేదు, మేం చేసేదే అందుకు. కానీ వానాకాలంలో కాగితమంతా చెమ్మ పట్టినప్పుడు కూడా ఆ పెట్టె కుంగకుండా మీ గడప దాకా వచ్చిందంటే, దాన్ని చూసి పంపిన మనిషి ఒకరు ఉంటారు. మా దగ్గర ఆ మనిషి అక్క.

కురబలకోట నుంచి మదనపల్లె షెడ్డుకు రోజూ షేర్ ఆటోలో వచ్చేది. కూలికి గమ్ము పూయడానికి చేరి, షెడ్డులో ప్రతి మిషన్ పనీ పట్టేసింది. ప్రతి లాటులోంచి ఒక అట్ట తీసి, పెట్టెగా మడిచి నేల మీద పెట్టి, చెప్పులు విడిచి దాని మీద ఎక్కి నిలబడేది. పెట్టె కుంగితే లాటు మొత్తం వెనక్కి. ఓనరు గొంతు చించుకున్నా సరే. "నన్నే మోయలేంది, లారీలో పది పెట్టెల్ని యాడ మోస్తాదప్పా?" అనేది. "నువ్వు సన్నబడొద్దక్కా, టెస్టింగు తప్పిపోతుంది" అని మేం ఆటపట్టిస్తే, ఆ మధ్యాహ్నం ఇంకో రాగిముద్ద ఎక్కువ తినేది.

డిప్లొమా పూర్తి చేసి ఆ షెడ్డులో చేరిన మొదటి రోజే నేను గమ్ము బకెట్‌లో కాలు పెట్టాను. అందరూ నవ్వారు. "యాల నగతారు? మీరు పుట్టంగానే గమ్ము పూసినారా?" అని అక్క వాళ్లను కసిరి, నా కాలు తానే కడిగింది. అప్పటి నుంచి నేను ఆమెకు 'అమ్మణ్ణి'ని. నాకొచ్చిన పనంతా ఆమె పెట్టిన భిక్ష. డిప్లొమాలో నేను నేర్చుకున్నది ఆ పనులకు ఇంగ్లీషు పేర్లు, అంతే.

కుప్పంలో కొత్త యూనిట్ పెడుతున్నామని, దానికి అక్కే ఇన్‌ఛార్జి అని ఓనరు అందరి ముందూ చెప్పాడు. ఆమె నమ్మింది. ఆరు నెలల పాటు వారానికి మూడు రోజులు పుంగనూరు మీదుగా కుప్పం పోయి, అక్కడి ఆడపిల్లలకు పని నేర్పింది. ఒకరోజు పుంగనూరులో బస్సు మారేటప్పుడు కొన్న చీర తెచ్చి నాకు చూపించింది. ఆకుపచ్చ, ఎర్ర అంచు. "ఓపెనింగుకు కట్టుకుంటా అమ్మణ్ణీ. ఇన్‌ఛార్జి పాత సీరతో రిబ్బను కత్తిరిస్తే బాగుండదు గదా" అంది. ఆమె సిగ్గుపడగా నేను చూసింది ఆ ఒక్కరోజే.

ఓపెనింగుకు రెండు రోజుల ముందు ఓనరు నన్ను పిలిచాడు. మా పెట్టెలు కొనే బెంగళూరు పూల కంపెనీ వాళ్లు, పై పోస్టుల్లో ఆడవాళ్లు ఉండాలన్నారట. "అక్క మంచిదేమ్మా. కానీ కొనే పార్టీ వాళ్లొస్తే ఇంగ్లీషు మాట్లాడాల గదా. ఎట్లయినా కావాల్సింది ఆడమనిషే. ఇన్‌ఛార్జిగా నువ్వుండు" అన్నాడు. ఛీ, ఎంత తేలిగ్గా అన్నాడు! "అక్కకిస్తానన్నారు కదా సార్" అని ఒక్క మాట నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఆయన్ను తిట్టుకోవడం సులువు, ఇన్నాళ్లూ అదే పని చేశాను. కానీ సరే అన్న నోరు నాది.

ఆ మాట అక్కకు నేనే వెళ్లి చెప్పాను. అప్పుడామె పెట్టె మీద నిలబడి ఉంది.

"నువ్వేమన్నావు?" అంది.

"సరే అన్నానక్కా."

"ముందు నాతో ఒక మాట సెప్పాలనిపించలేదా?"

ఆమె కిందికి దిగింది, చెప్పులేసుకుంది. "ఈ లాటు పంపీయొచ్చు మేడం" అంది.

ఆ తర్వాత నన్ను అమ్మణ్ణీ అనలేదు. కుప్పంలో ఏ మిషన్ మొరాయించినా నేను ఆమెకే ఫోన్ చేసేదాన్ని. విసుక్కోకుండా విప్పి చెప్పేది. ఆమె చెప్పింది చేసి నేను మంచి పేరు తెచ్చుకునేదాన్ని. ఒకసారి తట్టుకోలేక, "నన్ను క్షమించక్కా" అన్నాను. "పని సంగతి సెప్పండి మేడం" అంది. పోయినవాళ్లు అందరినీ క్షమించే పోయారని రాసుకోవడం మనకు అలవాటు. అక్క నన్ను క్షమించలేదు. క్షమించాల్సిన అవసరమూ ఆమెకు లేదు.

మొన్న మదనపల్లె షెడ్డులో సంతాపం పెట్టారు. అట్టపెట్టె మీద ఫోటో నిలబెట్టి దండ వేశారు. కింద పేరు పక్కన 'హెల్పర్' అని రాశారు. రికార్డులో అలాగే ఉందట. అక్క ఒక్కతే ఉన్న ఫోటో ఫ్యాక్టరీలో దొరక్క, కుప్పం ఓపెనింగు ఫోటోలోంచి ఆమె వరకూ కత్తిరించి పెద్దది చేయించారు. ఓపెనింగు రోజు ఆమె వచ్చింది, ఆ ఆకుపచ్చ చీరే కట్టుకుని. ఓనరు ఆమె చేతికి పళ్లెం ఇచ్చి నా పక్కన నిలబెట్టాడు.

ఫోటోలో అక్క నేరుగా మన వైపే చూస్తూ ఉంది. రెండు చేతులతో పళ్లెం పట్టుకుని ఉంది. పళ్లెంలో కత్తెర. ఫోటో అంచున, కత్తిరించినా పోకుండా మిగిలిన నాలుగు వేళ్లు ఆ కత్తెర మీదికి వస్తున్నాయి. ఆ వేళ్లు నావి.