మొలతాడు కొలత

మా నాన్నను మా అమ్మ నెయ్యి పోసి చంపిందన్నారు. అన్నది పరాయివాళ్లు కాదు, సొంత మేనత్త. ఆ మాట మోస్తూనే అమ్మ పోయింది.

మొన్న ఇక్కడి మనవాళ్ల బజారు లిటిల్ ఇండియాలో పూలకొట్టు పక్కన వేలాడుతున్న ఎర్ర మొలతాళ్లు చూసి అక్కడే నిలబడిపోయాను. హార్బరు క్వార్టర్స్‌లో మా చిన్నప్పుడు ఉగాది అంటే కోవెల నుంచి తెచ్చిన వేపపువ్వు చేదూ, బొబ్బట్ల మీద కరిగే నేతి వాసనా, వానకు తడిసిన సిమెంటు మీద మా గోళీల చప్పుడూ, వీటన్నిటి మధ్య తలంటుకొని నిలబడ్డ నాన్న నడుముకు అమ్మ కొత్త మొలతాడు కట్టడమూ. విప్పిన పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి పిల్లలం కొలిచేవాళ్లం. ఏటేటా కొత్తదే పొడవు. నాన్నవి కొంగకాళ్లు, పుల్లల్లాంటి చేతులు, ముందుకు మాత్రం బొజ్జ.

"అన్నయ్యకి తాడు చాలదు వదినా, హార్బరు నుంచి మోకు తెప్పించు" అనేది నాన్న చెల్లెలు చిట్టి అత్త.

"దిష్టి పెట్టక తిను చిట్టీ" అంటూ అమ్మ ఆమె విస్తట్లోనూ ఇంకో బొబ్బట్టు వేసేది. మగాడి బొజ్జ పెరిగితే ఇల్లాలి చేతికి పేరు.

ఆయాసం వస్తే గాలి పట్టిందని నాన్న వాము నమిలేవాడు. అమ్మ పోరగా పోరగా ఆస్పత్రికి వెళ్తే, బరువు తూచి, "బక్కమనిషివి, నీకేం రోగం" అని పంపేశారు. నడుము చుట్టూ టేపు పెట్టి చూసిన పాపాన పోలేదు ఒక్కడూ! మరుసటి ఉగాదికి అమ్మ తాడు కొని ఉంచింది. పండగ రాకముందే నాన్న పనిలో గుండె పట్టుకొని కూలిపోయాడు. శవం దగ్గరే అత్త అనేసింది: "పోసి పోసి చంపావు కదా వదినా!"

నేను బడి సగంలో మానినవాణ్ణి. ఇన్నేళ్లకు బిషాన్ లైబ్రరీలో కూర్చొని, కూడబలుక్కొని చదివాను. పెరిగిన నడుము, చక్కెర, రక్తపోటు, నెత్తుటిలో కొవ్వు కలిసికట్టుగా గుండె మీద పడడాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారట. మనవాళ్లు సన్నగా కనిపించినా కొవ్వు లోపల పేరుకుంటుందట. ఎక్కడో స్పానిష్ మాట్లాడే ఇళ్లల్లోనూ ఇదే పీడ అని రాశారు. వాళ్ల అమ్మలనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. నేతికి పాపం లేదనను. కానీ వంశంలో ఉన్నదాన్ని, తూకానికి అందనిదాన్ని, ఒక్క ఆడమనిషి గరిటె మీదికి నెట్టేస్తారా?

ఆ క్వార్టర్స్ ఇప్పుడు లేవు. తాడు కొలిచిన పిల్లల్లో నేనొక్కణ్ణే మిగిలాను. సెరంగూన్‌లో అత్త ఉంది. తన అన్న పోయిన నాటి నుంచి నెయ్యి ముట్టని మనిషి, బక్కపలచటి మనిషి, ఆమెకూ గుండెలో స్టెంటు వేశారు. ఆ పూలకొట్టు దగ్గరే ఒక తాడు కొనుక్కొని వెళ్లి, చదివిందంతా చెప్పి, అడిగాను: "ఇప్పుడు చెప్పత్తా, మా అమ్మ చంపిందా?"

అత్త నా చేతిలోని తాడు తీసుకొని వేళ్లకు చుట్టుకుంది.

"మీ అమ్మ పోయేముందు నన్ను అదే అడిగిందిరా. 'చిట్టీ, నా చేతి నెయ్యేనా?' అని. కాదు వదినా అంటే సరిపోయేది. నేను మాట్లాడలేదు."