మార్తా ఆంటీ అడిగిన గంధపు దండ

మొన్న శనివారం ఇండియన్ షాపులో కరివేపాకు కోసం వంగి లేస్తుంటే, పైన మేకుకి వేలాడుతున్న గంధపు దండ తలకి తగిలింది. ప్లాస్టిక్ కవర్లో ఉన్నా ఆ వాసన ఆగలేదు. ఒక్క క్షణం నేను షాపులో లేను. మాసన్ లేక్స్ పేటలో మా పాత ఇంటి హాల్లో, పన్నెండో క్లాసు పిల్లనై నిలబడి ఉన్నాను. ఇప్పుడు నేనూ ఒక పిల్లకి తల్లిని, అయినా ఆ వాసన నన్ను ఇంకా అక్కడికే లాక్కుపోతుంది. దండ కొన్నాను. ఎవరికోసమో చెప్పాలంటే మా పక్కింటి మార్తా ఆంటీ దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. ఆ దేశంలో జనవరి అంటే నడి ఎండాకాలం, తారు మెత్తబడి చెప్పులకి అంటుకునేది, ఎడారి మీంచి వచ్చే ఉత్తరం గాలి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు మొహాన కొట్టేది, అమ్మ ఆ ఎండని ఒక్క రోజు కూడా వృథా పోనిచ్చేది కాదు. నా ట్రాంపోలిన్ మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టేసేది, అవి ఎండేదాకా నేను గెంతడానికి వీల్లేదు. కంచె అవతలి నుంచి మార్తా ఆంటీ బకెట్ నిండా ఆప్రికాట్లు అందించేది. పచ్చివి అమ్మ పప్పులో వేసేది, పండినవి నేను గొంతు దాకా తినేదాన్ని. క్రిస్మస్‌కి ఆంటీ చుట్టిన గసగసాల రొట్టె మా ఇంటికి వచ్చేది. మసాలాకి చిటికెడు చిటికెడు వాడుకునే అమ్మ దాన్ని కోసి చూసి, "ఓరి నాయనో, మన ఏడాది గసగసాలు ఒక్క రొట్టెలో కూరేసింది" అని బుగ్గలు నొక్కుకునేది.

ఆంటీది హంగరీ. వెడల్పాటి వీపు, ఒక భుజం కిందికి జారినట్టుండేది, మెడలో ఎప్పుడూ ఒక ఈల. ఇంట్లో ఒక్కతే ఉండేది, భర్త మేం ఆ వీధికి రాకముందే పోయాడు. స్కూలు పిల్లలకి ఈత నేర్పి బతికింది. గ్యారేజీ కప్పుకి రెండు సన్నటి పందెం పడవలు వేలాడేవి, కయాక్‌లంటారు. ఆదివారం వాటిని కారు మీద కట్టుకుని, ఊరికి పడమర ఉన్న పొడవాటి ఉప్పునీళ్ళ లేక్‌కి మా వీధి పిల్లల్ని తీసుకుపోయేది. ఎక్కీ ఎక్కగానే బోల్తా కొట్టే పడవలవి. మిగతా పిల్లలు రెండు వారాలకే మానేశారు. నాకు మొండితనం ఎక్కువ, ఉప్పునీళ్ళు తాగుతూనే ఉండిపోయాను. "కాళ్ళతో తొయ్యి, చేతులకి ఆ పని తెలీదు!" అని ఒడ్డు మీద పరిగెడుతూ ఇంగ్లీషులో అరిచేది ఆంటీ.

ఒక ఉగాదికి భోజనానికి పిలిస్తే, మా హాల్లో తాతయ్య ఫోటోకి వేసిన గంధపు దండని ఆంటీ చాలాసేపు చూసింది, అదెందుకని అడిగింది. భోజనాల దగ్గర చావు కబుర్లెందుకనుకున్నారేమో, "గొప్పవాళ్ళకి గౌరవంగా వేస్తాం" అన్నారు నాన్న. అలాంటిది తనకీ ఒకటి కావాలంది ఆంటీ. అంతకుముందు ఏడాది బెజవాడ నుంచి మేం తెచ్చుకున్న కరివేపాకుని కస్టమ్స్ వాళ్ళు చెత్తబుట్టలో పారేసినా, గంధపు దండల్ని మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశారు. అందులో ఒకటి అమ్మ బీరువాలోంచి తీసి, ఎవరో పోయినవాళ్ళకి కాబోలనుకుని ఆంటీ చేతిలో పెట్టింది.

వారం తర్వాత బొబ్బట్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. గోడ మీద ఫోటోలో పద్దెనిమిదేళ్ళ పిల్ల, పడవలో కూర్చుని, తెడ్డు పైకెత్తి, పందెం మొదలవడం కోసం ముందుకే చూస్తోంది. మెడ మీదుగా మా దండ. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. గేటు దాటగానే, "బంగారంలాంటి పిల్లే. ఎలా తట్టుకుందే ఆవిడ? నువ్వు పొరపాట్న కూడా అడక్కు" అంది. ఆరోజు నుంచి మా ఇంట్లో ఏ పండగ వండినా మొదటి పళ్ళెం పక్కింటికే వెళ్ళేది.

అడక్కుండా నేనెందుకుంటాను? గ్యారేజీలో పడవ తుడుస్తూ, మీ అమ్మాయి పేరేంటని ఒకరోజు అడిగేశాను. ఆంటీ పగలబడి నవ్వింది. "నా మొహం చూడు సరిగా. అది నేనే!" నా చేతిలో గుడ్డ కింద పడింది. అప్పుడు చెప్పింది. పదేళ్ళ వయసులో డాన్యూబ్ నది ఒడ్డున క్లబ్బులో చేరిందట, చలికాలం నది గడ్డకడితే మంచులో పరిగెత్తేవాళ్ళట, హాల్లో కట్టిన నీళ్ళ తొట్టిలో తెడ్డేసేవాళ్ళట. ఐదువందల మీటర్ల పందెంలో దేశానికి మొదట వచ్చింది, ప్రపంచ పోటీల్లో పతకాలు తెచ్చింది. ఒలింపిక్స్‌కి ఎంపికై సంచీ సర్దుకున్నాక, ఒక సాయంత్రం క్యాంపులో రేడియో పెడితే, మన జట్టు వెళ్ళడం లేదని ప్రభుత్వం వాళ్ళు చెప్పేశారు, అంతే. పెద్ద దేశాల మధ్య రాజకీయం. వచ్చేసారి చూద్దాం అన్నారట. నాలుగేళ్ళు పోయేసరికి భుజం పాడైంది, తనకంటే చిన్నవాళ్ళు ముందుకొచ్చేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది, నమ్మలేకపోయాను కూడా. పరీక్షకి చదివించి హాల్లోకి రానివ్వకపోవడం ఏమిటి? ఆ విసురులో దండ అసలు ఎవరికి వేస్తామో చెప్పేశాను. ఆంటీ మొహంలో నవ్వు ఆగిపోయింది. పడవ తుడుస్తూనే, "అయితే సరైన ఫోటోకే వేశాను" అంది. దాన్ని తియ్యలేదు.

పన్నెండో క్లాసులో నేను రాష్ట్ర జట్టుకి ఎంపికయ్యాను. పెర్త్‌లో జాతీయ పోటీలు. మెడిసిన్ ఎంట్రన్స్ కోచింగ్ కూడా సరిగ్గా అదే వారం మొదలు. "ఈ యేడు వద్దమ్మా. వచ్చే యేడు చూద్దాం" అన్నారు నాన్న. అరిచాను, అన్నం మానేశాను, ఆయన కదల్లేదు. కంచె దగ్గర ఏడుస్తూ ఆంటీకి చెప్పాను. ఆవిడ గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

పది నిమిషాలకి మా తలుపు తట్టకుండానే వచ్చింది, చేతిలో తన ఫోటోకి వేసుకున్న గంధపు దండ. తిన్నగా షోకేసు దగ్గరికి వెళ్ళి, మొదటి పందెం రోజు తీసిన నా ఫోటో బయటికి తీసి నిలబెట్టి, దానికి ఆ దండ వేసింది. హాలంతా గంధం వాసన. అమ్మ పెట్టిన కేక వీధంతా వినిపించి ఉంటుంది. "అయ్యయ్యో! ఇదేం పని మార్తా గారూ? బతికున్న పిల్లకి!" నాన్న సోఫాలోంచి లేచి నిలబడ్డారు. నా చావు నేనే చూస్తున్నట్టనిపించింది. "నాకూ వచ్చేసారి అనే చెప్పారు" అంది ఆంటీ, అమ్మతో కాదు, నాన్న కళ్ళలోకి చూస్తూ. వెళ్ళిపోయింది.

అమ్మ దండని లాగి పారేసి, ఉప్పూ ఎండు మిరపకాయలతో నాకు దిష్టి తీసింది. "ఏవండీ, కోచింగూ వద్దు గీచింగూ వద్దు. దాన్ని పంపించెయ్యండి" అంది. నాన్న షోకేసులో నా ఫోటో వంక చూసి తలూపారు. రెండు నెలలు ఆంటీతో అమ్మ మాట్లాడలేదు, పళ్ళెం మాత్రం పంపింది. పెర్త్‌లో నేను చివరి నుంచి రెండోదాన్ని. అలా వచ్చి అంత ఆనందపడ్డ మనిషి ఇంకొకరు ఉండరేమో. ఆంటీ గోడ మీద ఆ ఫోటోకి మళ్ళీ దండ లేదు.

ఆంటీ ఈ చలికాలంలో పోయింది. ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు ఆప్రికాట్ చెట్టు కొట్టించి కాంక్రీటు పోశారు, పడవలు ఎవరు పట్టుకుపోయారో తెలీదు. వడియాలు ఇప్పుడు అమ్మ కూడా షాపులోనే కొంటోంది. పడవలో పిల్ల ఫోటో నాకు దక్కింది. దాని పక్కనే బకెట్ పట్టుకుని నవ్వుతున్న ముసలి ఆంటీ ఫోటో, నేను తీసిందే, పెట్టాను. దండ విప్పుతుంటే మా అమ్మాయి వచ్చి, "మమ్, సేమ్ లేడీ కదా, విచ్ వన్?" అంది.

ముసలావిడకి వేశాను. పడవలో పిల్ల మెడ ఖాళీగానే ఉంచాను. ఆ పిల్లకి ఇంకా పందెం మొదలవలేదు.